వండినవారు కూడ కూర్చుండు విందు

(అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగము)



ఈ సదస్సులో మనకు ఇయ్యబడిన అంశము "క్రైస్తవ కుటుంబము – పండుగలు". అది విశాలమైన అంశము. దానిలో ఒక చిన్న భాగమును మాత్రమే ఈ పూట ఆలోచింతము. అది క్రిస్మసు నాటి మధ్యాహ్న భోజనము. దైవశాస్త్రము చదివినవారు పొయ్యి దగ్గరి సంగతులు మాట్లాడుటేమిటని కొందరు అనుకొనవచ్చును. అయితే మన ప్రభువు పుట్టిన బేత్లెహేము పేరునకు "రొట్టెల ఇల్లు" అని అర్థము. ఆయనను పరుండబెట్టినది పశువులకు మేత వేయు తొట్టిలో. పాపులతో కలిసి భుజించుచున్నాడని ఆయన నిందింపబడెను. తన మరణమును జ్ఞాపకము చేసికొనుటకు ఆయన మనకు అప్పగించినది ఒక భోజనమే. గనుక భోజనమును గూర్చి సంఘములో మాట్లాడుకొనుట తగని పని కాదు.

మన ఇండ్లలో జరుగుచున్నది

డిసెంబరు 20వ తేదీ దాటిన తరువాత మన ఇండ్లలోనికి తొంగి చూతము. అరిసెలకు బియ్యము నానబెట్టవలెను, తడి ఆరకముందే పిండి పట్టించవలెను, బెల్లము పాకము ముదరకుండ చూడవలెను, ఒకరు వేయించుచుండగా మరియొకరు నూనె పిండవలెను. దానికే ఒక దినము గడచిపోవును. తరువాత జంతికలు, కజ్జికాయలు, గులాబి పువ్వులు. రాత్రులు కేరల్స్ వారు వచ్చిన వేళకెల్ల టీ కాచవలెను. 24వ తేదీ రాత్రి ఆరాధన ముగించుకొని వచ్చి పడుకొనుసరికి అర్ధరాత్రి దాటును. 25వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకే పొయ్యి వెలిగించవలెను. పులావు, కోడికూర, గారెలు, సేమియా పాయసము. ఇంటినిండ చుట్టములు. ఇంత పని ఒకరిద్దరు స్త్రీల చేతుల మీదుగా జరుగును.

దీనివలన మూడు నష్టములు కలుగుచున్నవి. మొదటిది ఆరాధనకు సంబంధించినది. వేదిక మీద నిలిచి చూచు కాపరులమైన మాకు ఈ సంగతి బాగుగ కనబడును. సంవత్సరమంతయు ముందు వరుసలో కూర్చుండి, పాట ఎత్తుకొని, ప్రార్థన కూటములను నిలబెట్టిన తల్లులే క్రిస్మసు ఉదయమున ఆలస్యముగ వచ్చి, సంస్కారము తీసికొని, ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్ళుచున్నారు. వారి భక్తి తగ్గలేదు. పొయ్యి మీద కూర ఉన్నది. మహా సంతోషకరమైన సువర్తమానము చదువబడు దినమున దానిని నిలుకడగ వినలేనివారు మన ఇంటి తల్లులే అగుచున్నారు.

రెండవది అప్పు. కూలి పనిచేసికొను కుటుంబము పండుగకు 10,000 రూపాయలు అప్పు తెచ్చినదనుకొందము. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ చొప్పున నెలకు 300, సంవత్సరమునకు 3,600 రూపాయలు వడ్డీ అగును. మరుసటి క్రిస్మసు వచ్చుసరికి అసలు అట్లే యుండును. దాని మీద క్రొత్త పండుగకు క్రొత్త అప్పు. లోకపు అప్పును తీర్చ వచ్చిన వాని పుట్టినరోజున మనము అప్పులపాలగుట ఏమి సాక్ష్యము?

మూడవది మూయబడిన తలుపు. ప్రతి ఇంట మాంసము ఉడుకుచున్న దినమున ఒక విధవరాలు, పనిలేని ఒక కుటుంబము, పిల్లలు దూరమున నున్న ముసలి దంపతులు త్వరగ ఇంటికి వెళ్ళి తలుపు వేసికొందురు. ఎవరును వారిని రావద్దని చెప్పలేదు. అయినను తిరిగి పిలిచి పెట్టలేనివారు ఒకరి ఇంటికి పోయి తినుటకు సిగ్గుపడుదురు. పట్టణమునుండి వచ్చిన కుమారుని సంగతి కూడ చూడండి. అతనికి సెలవు రెండు దినములు. ఆ రెండు దినములును తల్లి వంటింటిలోనే గడుపును. ఆమె అతనికి అన్నియు వడ్డించెను గాని అతనితో కూర్చుండి మాట్లాడలేదు. బస్సు ఎక్కునప్పుడు ఇద్దరికిని ఆ సంగతి గుర్తుకు వచ్చును.

లేఖనములు చెప్పు పండుగ

పండుగ భోజనమును దేవుడు నిషేధింపలేదు. ఆయన దానిని ఆజ్ఞాపించెను. అయితే ఎట్లు చేయవలెనో కూడ చెప్పెను. నిర్గమకాండము 12వ అధ్యాయములో పస్కా విధి చూడండి. ఒక గొఱ్ఱెపిల్లను తినుటకు కుటుంబము చిన్నదైన యెడల, పొరుగింటివానితో కలిసి పంచుకొనవలెను. ప్రతి ఇంటికి ఒక గొఱ్ఱెపిల్ల ఉండి తీరవలెనని దేవుడు చెప్పలేదు. విమోచన పండుగ ఆరంభములోనే రెండిండ్లు ఒక భోజనముగ కూడుకొనుటకు చోటు ఉంచెను.

ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో వారముల పండుగను, పర్ణశాలల పండుగను గూర్చి చెప్పుచు, ఎవరెవరు సంతోషింపవలెనో పట్టిక ఇయ్యబడినది. కుమారుడు, కుమార్తె, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అందులో ఉన్నారు. దాసుడును దాసియు కూడ ఉన్నారు. అనగా వంట చేయువారును వడ్డించువారును పండుగ సంతోషములో పాలివారు కావలెను. వండినవారు నిలువబడియుండగా తక్కినవారు మాత్రమే సంతోషించు విందు ఆ పట్టికను నెరవేర్చదు.

నెహెమ్యా 8వ అధ్యాయములో ధర్మశాస్త్రము విని ఏడ్చుచున్న జనులను ఓదార్చి, వెళ్ళి విందు చేసికొనుడని చెప్పిరి. ఆ వెంటనే, తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి భాగములు పంపుడని కూడ చెప్పిరి. ప్రభువు కూడ లూకా 14వ అధ్యాయములో, తిరిగి పిలువగలవారిని కాదు, తిరిగి పిలువలేనివారిని విందునకు పిలువుమని బోధించెను.

ఇక మార్త సంగతి. లూకా 10వ అధ్యాయము చదివినప్పుడెల్ల మన ఇంటి స్త్రీలు కొంచెము నొచ్చుకొందురు. అందరు మరియలైతే అన్నము ఎవరు వండుదురని అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. ప్రభువు మార్త వంటను నిందింపలేదు. ఆమె చేసిన పనికి లూకా వాడిన గ్రీకు మాట "డియకోనియ", అనగా పరిచర్య. మన పరిచారకులను పిలుచు పేరు ఆ మూలము నుండియే వచ్చినది. ఆమె కష్టము మరియొక మాటలో ఉన్నది. ఆమె తొందరపడెనని మనము చదువు చోట గ్రీకు మూలములో నలువైపుల లాగబడుట అను భావమున్నది. పని ఆమెను పట్టి లాగుచుండెను. యోహాను 12వ అధ్యాయములో అదే బేతనియలో మరల విందు జరిగినప్పుడు మార్త మరల ఉపచారము చేయుచున్నది. ఈసారి ఫిర్యాదు లేదు, గద్దింపును లేదు. కాబట్టి మానవలసినది పరిచర్య కాదు, మనిషిని నలువైపుల లాగు భారము.

సంఘ చరిత్రలో ప్రేమవిందు

సులభమైన భోజనము సంఘమునకు క్రొత్త సంగతి కాదు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములోని విశ్వాసులు ఇంటింట సంతోషముతో కలిసి భుజించిరి. యూదా పత్రికలో "ప్రేమవిందు" అను పేరే కనబడుచున్నది. అయితే కొరింథులో ఆ విందు చెడిపోయెను. కలిగినవారు ముందుగ తెచ్చుకొని తినిరి, లేనివారు ఆకలితో చూచిరి. పౌలు దానిని చిన్న తప్పుగ ఎంచలేదు. లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటేనని చెప్పి, ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని ఆజ్ఞాపించెను.

1727వ సంవత్సరము ఆగష్టు 13వ తేదీన జర్మనీ దేశములోని హెర్న్‌హూట్‌కు చెందిన మొరేవియను విశ్వాసులు ప్రభు సంస్కారమైన తరువాత ఇండ్లకు పోవ మనస్సు లేక గుంపులుగ మాట్లాడుకొనుచు నిలిచిరి. అప్పుడు జింజెండార్ఫ్ ప్రభువు తన ఇంటినుండి వారికి ఆహారము పంపెను. ఆ విధముగ పాత ప్రేమవిందు మరల చిగురించెను. జాన్ వెస్లీ 1737లో అమెరికాలోని జార్జియాలో మొరేవియనుల ప్రేమవిందును చూచి, తరువాత మెథడిస్టు సంఘములలో దానిని ప్రవేశపెట్టెను. ఆ విందులోని ఆహారము సాదా కేకు ముక్కయు నీళ్ళును. అమెరికాలోని మొరేవియను సంఘములలో నేటికిని క్రిస్మసు ముందటి సాయంకాలము బన్ను, కాఫీ పంచుకొని పాటలు పాడు ప్రేమవిందు జరుగుచున్నది. దానికొరకు ఎవరును అప్పు చేయనక్కరలేదు, ఎవరును ఆరాధన మానుకొననక్కరలేదు.

ఆ వెస్లియను మిషనువారే మెదకు ప్రాంతమునకు వచ్చిరి. చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు కరవు కాలములో జనులకు పనియు తిండియు కల్పించుచు కట్టించిన మెదకు దేవాలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, అనగా క్రిస్మసు నాడే, ప్రతిష్ఠింపబడెను. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుచు లేచిన దేవాలయమది. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టు వారసత్వమును, డోర్నకలు ఆంగ్లికను వారసత్వమును ఒక్కటిగ మనకు వచ్చినవి.

డోర్నకలు అనగానే బిషప్ అజరయ్యగారు గుర్తుకు వచ్చెదరు. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పైనవారు ఆయనే. ఆయన కాలములో మన పల్లె సంఘములలో వేరూనిన అలవాటు పిడికెడు బియ్యము. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యము తీసినప్పుడెల్ల ఒక పిడికెడు దేవునికొరకు వేరే కుండలో వేసెడిది. కోతపండుగలో ధాన్యము, కోళ్ళు, కూరగాయలు తెచ్చి అర్పించిరి. వారు పేదవారు. అయినను ఇచ్చుటకు వారు సిగ్గుపడలేదు, ఎందుకనగా పిడికెడు ఎవరైనను తీయగలరు.

మరియొక సంగతి మరువరాదు. మన మొదటి తరపు విశ్వాసులు వేర్వేరు పల్లెలనుండి, వేర్వేరు కులములనుండి వచ్చిరి. ఒకరి ఇంటి నీళ్ళు ఒకరు ముట్టని దినములవి. అట్టివారు ఒక్క పంక్తిలో కూర్చుండి ఒక్క కుండలోని అన్నము తినుటయే ఆ దినములలో పెద్ద ప్రసంగము. ఇప్పుడు మనము క్రిస్మసు నాడు ఎవరి ఇంటిలో వారు తలుపు వేసికొని తినుచున్నాము. ఆ పంక్తి ఎక్కడ పోయినది?

ఒక్క కుండ భోజనము

ఇందుకు మేము చెప్పు ఉపాయము క్రొత్తది కాదు. క్రిస్మసు ఆరాధన ముగిసిన వెంటనే దేవాలయ ఆవరణములో సంఘమంతటికి ఒక సాదా భోజనము. అన్నము, పప్పు, ఒక కోడికూర, మజ్జిగ. అంతే. మేము పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘములో దీనిని జరిగించితిమి. దాని వివరములు చెప్పుదుము.

ఆ సంఘములో 60 కుటుంబములు. ఆగమన కాలపు మొదటి ఆదివారము పిడికెడు బియ్యపు కుండలను మరల వంటిండ్లలో పెట్టించితిమి. పిడికెడు అనగా సుమారు 40 గ్రాములు. రోజునకు రెండు వంటలు, 25 దినములు. ఒక ఇంటికి 2 కిలోలు, 60 ఇండ్లకు 120 కిలోలు. మనిషికి 150 గ్రాముల చొప్పున 300 మందికి కావలసినది 45 కిలోలు మాత్రమే. మిగిలిన 75 కిలోలను రోగులున్న ఇండ్లకు, ఒంటరి వృద్ధులకు పండుగకు ముందే పంచితిమి. బియ్యము కొనుటకు ఒక్క రూపాయియు పట్టలేదు. కోళ్ళకును పప్పునకును దేవాలయము వెనుక ఒక పెట్టె పెట్టితిమి. ఎవరు ఎంత వేసిరో వ్రాయలేదు, చదువలేదు. పేర్లు చదివిన చోట కొరింథు మరల వచ్చును.

తీపి సంగతి ఇంకను సులభము. ప్రతి ఇంట తొమ్మిది రకములు చేయుటకు బదులు ప్రతి ఇంటివారు తమకు చేత బాగుగ వచ్చిన ఒక్క రకమును చేసి తెచ్చిరి. ఒకరు అరిసెలు, ఒకరు కజ్జికాయలు, ఒకరు కేకు. అన్నియు ఒక్క బల్ల మీద పెట్టిరి, ఏ పళ్ళెము ఎవరిదో చెప్పలేదు. ఒక్కటి చేసినవారు తొమ్మిది తినిరి. ఏమియు తేలేనివారు కూడ తొమ్మిది తినిరి.

వంట పురుషుల పాలు. ముందురాత్రి కూరగాయలు తరుగుట, తెల్లవారి పొయ్యి వెలిగించుట వారిదే. ఊరిలో పెండ్లి వంటలు చేయు ఒక సహోదరుడు దగ్గర నిలిచి చూచుకొనెను. పొయ్యి యొద్ద నిలుచు నలుగురు మాత్రము ముందురాత్రి ఆరాధనలోనే సంస్కారము తీసికొనిరి. వడ్డన, పాత్రలు తోముట యౌవనస్థుల పాలు. మొదటి పంక్తిలో స్త్రీలును వృద్ధులును కూర్చుండిరి. పప్పు పొయ్యి వేరుగ ఉంచుటచేత మాంసము తినని బంధువులు, ఇతర మతస్థులైన పొరుగువారు కూడ సంకోచము లేక వచ్చిరి. ఆరాధన 11 గంటలకు ముగిసినది, 2 గంటలకు అందరు ఇండ్లు చేరిరి. మంచము పట్టినవారికి పండ్రెండు క్యారియర్లు ముందుగనే వెళ్ళినవి.

మొదట సణుగుడు లేకపోలేదు. క్రిస్మసు నాడు పప్పన్నమా, చుట్టములు నవ్వరా అని కొందరనిరి. కొందరు మగవారు గరిటె పట్టుటకు సిగ్గుపడిరి. అయితే ఆ దినము ఆశీర్వాదము ముగియువరకు స్త్రీల వరుసలలో ఒక్కరును లేవలేదు. క్రిస్మసు ఆశీర్వాదము నలభై ఏండ్ల తరువాత తన చెవిని పడినదని ఒక వృద్ధ తల్లి మాతో చెప్పినది. ఆ మాట విన్న తరువాత గరిటెను గూర్చి ఎవరును సిగ్గుపడలేదు.

కొన్ని సందేహములు

ఇంటి పండుగ పోవునేమోయని కొందరికి భయము. పోనక్కరలేదు. మధ్యాహ్నము సంఘమునకు ఇచ్చి, సాయంకాలము కుటుంబమునకు ఉంచుకొనవచ్చును. టీ, మిగిలిన అరిసెలు, పాత ఫొటోలు, ఒక కీర్తన, కుటుంబ ప్రార్థన. దూరదేశములలో నున్న పిల్లలు ఫోనులో కనబడు వేళకు తల్లి చేతులు ఖాళీగ ఉండవలెను.

తల్లి చేతి వంటను పిల్లలు కోరుదురే అని ఇంకొందరందురు. నిజమే, అది ప్రేమ గుర్తు. అయితే పిల్లలు కోరునది సాధారణముగ ఒక్క వంటకమే. ఏదని అడిగి, దానిని ఒక్కదానినే చేయుడి. దానిని కూడ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుడి. అరిసెలు నలుగురు కలిసి చేసినప్పుడు పనియు నడచును, మాటలును నడచును. ఒక్కరే చేసినప్పుడు నడుము మాత్రమే నొప్పి పెట్టును.

పట్టణ సంఘములలో వందలమంది ఉందురు, స్థలము లేదని చెప్పుదురు. అట్టి చోట ప్రార్థన కూటముల చొప్పున ఎనిమిది పది ఇండ్లు ఒక ఇంటి మేడ మీద కూడుకొనవచ్చును. అదియు వీలు కానివారు తమ ఇంటిలోనే నాలుగు నియమములు పెట్టుకొనవచ్చును. ఒక అన్నము, ఒక కూర, ఒక తీపి. చేతిలో ఉన్న డబ్బుకు మించినది వద్దు. అందరు ఒక్కసారే కూర్చుండి, ఎవరికి కావలసినది వారు వడ్డించుకొనవలెను. ఒంటరిగ నున్న ఒకరిని తప్పక పిలువవలెను.

పెద్ద విందు పెట్టగలవారిని మనము తప్పు పట్టుట లేదు. దేవుడు ఇచ్చినవారు సంతోషముగ పెట్టనిమ్ము. అయితే అది సంఘములో కొలమానము కారాదు. క్రొవ్విన ఎద్దు మాంసముకంటె ప్రేమగల చోట ఆకుకూరల భోజనము మేలని సామెతల గ్రంథము 15వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. గొఱ్ఱెల కాపరులు పని బట్టలతోనే బేత్లెహేమునకు పోయిరి. వారు ఏమియు వండి తీసికొని పోయినట్లు లూకా వ్రాయలేదు. తిబెరియ సముద్రతీరమున అలసివచ్చిన శిష్యులకు నిప్పులమీద చేపను రొట్టెను సిద్ధపరచినవాడు తిరిగిలేచిన ప్రభువే. ఆయన వండి పెట్టెను గనుక ఆయన శిష్యులలో ఎవరికిని వంట చేయుట తక్కువ పని కాదు.

ప్రియులారా, మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్నది. పిడికెడు బియ్యముతో మన పితరులు సంఘములను నిలిపిరి. రెండవ శతాబ్దములో అడుగుపెట్టు మనము భవనములను గూర్చి, నిధులను గూర్చి తీర్మానములు చేయుచున్నాము. వాటితోపాటు ఈ చిన్న తీర్మానము కూడ చేయుదము. రాబోవు క్రిస్మసు నాడు మన సంఘములలో ఏ తల్లియు ఆశీర్వాదమునకు ముందు లేచి పోనక్కరలేకుండునట్లు, ఏ ఇల్లును పండుగకొరకు వడ్డీ కట్టకుండునట్లు, ఏ తలుపును లోపలినుండి గడియ వేయబడకుండునట్లు పంక్తి సిద్ధపరచుదము. ఆగమన కాలపు మొదటి ఆదివారమున ఇంటింట ఆ చిన్న కుండ మరల వెలుపలికి తీయుదము.

రొట్టెల ఇంట పుట్టిన ప్రభువు మన ఇండ్లను, మన పొయ్యిలను, మన పంక్తులను ఆశీర్వదించును గాక. ఆమేన్.